బుధవారం సాయంత్రం, శనివారం పగలు: హిట్లర్ జర్మనీలో పిల్లల పెంపకం

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, రేపు బడుల్లో పాఠాలు చెప్పబోయే మీ అందరికీ నమస్కారం.

నియంతల పాలనలో పిల్లలను ఎలా తీర్చిదిద్దారు, వాళ్ళ చేతికి తుపాకి ఎలా ఇచ్చారు అన్నది ఈ రోజు నాకు అప్పగించిన అంశం. ఇటలీ ఉంది, సోవియట్ రష్యా ఉంది, కంబోడియా ఉంది, ఉత్తర కొరియా ఇప్పటికీ ఉంది. అన్నిటినీ తలా పది నిమిషాలు తడిమి వెళ్తే మీకు దేశాల పేర్లు గుర్తుంటాయి, పని జరిగిన తీరు గుర్తుండదు. అందుకని ఎక్కువసేపు ఒక్క జర్మనీలోనే, 1933 నుంచి 1945 వరకు నడిచిన ఆ 12 ఏళ్ళలోనే ఉంటాను. మిగతా దేశాలను అవసరమైనప్పుడు పిలుద్దాం.

1938 డిసెంబరు 2న హిట్లర్ రైఖెన్‌బర్గ్ అనే ఊళ్ళో ప్రసంగించాడు. అంతకు రెండు నెలల ముందే చెకోస్లొవాకియా నుంచి లాక్కున్న ప్రాంతంలోని ఊరది. ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, లిబెరెట్స్ అంటారు. ఆ ప్రసంగంలో ఒక జర్మన్ బాలుడి జీవితాన్ని మెట్టు మెట్టుగా చెప్పుకుంటూ పోయాడు. పదేళ్ళకు మా సంస్థలోకి వస్తాడు. నాలుగేళ్ళకు హిట్లర్ యూత్ అనే పార్టీ యువజన సంస్థలోకి మారతాడు, అక్కడ మరో నాలుగేళ్ళు ఉంచుకుంటాం. తర్వాత వెంటనే పార్టీలోకో, కార్మిక సంస్థలోకో, ఎస్.ఎ.లోకో, ఎస్.ఎస్.లోకో (ఈ రెండూ నాజీ పార్టీ సొంత దళాలు) తీసుకుంటాం. అప్పటికీ పూర్తి నాజీ కాకపోతే ఆరేడు నెలలు శ్రమ దళానికి పంపుతాం. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే సైన్యం రెండేళ్ళు చూసుకుంటుంది. తిరిగి రాగానే పాత బుద్ధులు తలెత్తకుండా మళ్ళీ ఎస్.ఎ.లోకో ఎస్.ఎస్.లోకో తీసుకుంటాం. చివరికి ఈ మాట: "ఇక వాళ్ళు జీవితమంతా స్వేచ్ఛగా ఉండరు." ఇది రహస్య పత్రాల్లో దొరికిన వాక్యం అనుకునేరు. బహిరంగ సభలో, గర్వంగా, నవ్వుతూ చెప్పదగిన విషయంగా చెప్పాడు.

ఆ మెట్లన్నీ మళ్ళీ ఒకసారి చూడండి. ఏమి బోధిస్తామో అందులో ఎక్కడా లేదు. జాతి సిద్ధాంతం ప్రస్తావన లేదు, యూదుల ప్రస్తావన లేదు. అంతా వయసులు, నెలలు, సంవత్సరాలు. మీరు ఉపాధ్యాయులు కాబోతున్నారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను: అది సిలబస్ లేని టైంటేబుల్. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే. ఆ ప్రభుత్వం పిల్లల దగ్గర మొట్టమొదట తీసుకున్నది వాళ్ళ సమయం. సాయంత్రాలు తీసుకుంది, సెలవులు తీసుకుంది, ఆదివారాలు తీసుకుంది. నమ్మకాలు ఆ ఖాళీల్లోకి తర్వాత వచ్చి కూర్చున్నాయి.

హిట్లర్ యూత్ అనే పేరు 1926 నాటిది. 1932 చివరికి అందులో సభ్యులు సుమారు లక్ష. ఏడాది తిరిగేసరికి 20 లక్షలు దాటారు. ఒక్క సంవత్సరంలో ఇంతమందికి ఒకేసారి జ్ఞానోదయం అయిందా? కాలేదు. జర్మనీలో అప్పటికి పిల్లల సంఘాలకు కొదవ లేదు. స్కౌట్లు, చర్చి బృందాలు, కార్మిక పార్టీల పిల్లల సంఘాలు, అడవుల్లో తిరిగే సంచార బృందాలు ఉండేవి. 1933 ఏప్రిల్‌లో హిట్లర్ యూత్ వాళ్ళు బెర్లిన్‌లో ఈ సంఘాలన్నిటి ఉమ్మడి కార్యాలయంలోకి చొరబడి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. జూన్‌లో బాల్డుర్ ఫాన్ షిరాఖ్‌ను దేశం మొత్తానికి యువజన నాయకుడిగా నియమించారు. అతనికి అప్పుడు 26 ఏళ్ళు. తల్లి అమెరికన్, తనకు తాను కవి. పిల్లలు కవాతులో పాడే పాటకు మాటలు కూడా అతనివే. అందులో జెండా చావు కన్నా గొప్పది. కవిత్వం రాసేవాళ్ళందరూ సున్నిత మనస్కులని నమ్మేవారికి షిరాఖ్ జీవితం మంచి మందు.

మిగతా సంఘాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు, లేదా కలిపేసుకున్నారు. క్యాథలిక్ బృందాలకు వాటికన్‌తో 1933లో కుదిరిన ఒప్పందం వల్ల కొన్నాళ్ళు ఊపిరి ఆడింది, తర్వాత వాటినీ నొక్కేశారు. గుడారం వేసుకుని రాత్రి నెగడు చుట్టూ కూర్చోవాలని ఉన్న పిల్లవాడికి ఇక వెళ్ళడానికి ఒకే ఒక్క చోటు మిగిలింది.

చట్టం చాలా నెమ్మదిగా వచ్చింది. పిల్లలందరూ ఈ సంస్థలోనే పెరగాలని 1936 డిసెంబరు 1న ఒక చట్టం చేశారు. దాన్ని నిజంగా నిర్బంధం చేసింది 1939 మార్చి 25 నాటి ఉత్తర్వు. బిడ్డ పేరు నమోదు చేయించని తల్లిదండ్రులకు 150 మార్కుల దాకా జరిమానా, లేదా జైలు. కానీ అప్పటికే ఎక్కువ మంది పిల్లలు లోపల ఉన్నారు. నిర్బంధం లేని ఆరేళ్ళలో ఎలా చేర్చారు? ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి పై అధికారి ఒక మాట చెప్పేవాడు. పని నేర్చుకోవడానికి చేరబోయే కుర్రాడిని సభ్యత్వం ఉందా అని యజమాని అడిగేవాడు. తరగతిలో చేరకుండా మిగిలిన ఒకరిద్దరితో 'నేను హిట్లర్ యూత్‌లో ఎందుకు లేను' అనే వ్యాసం రాయించిన ఉపాధ్యాయులు ఉన్నారు. రాజ్యం చేయవలసిన ఒత్తిడి చాలా వరకు ఇలాంటి మామూలు మనుషులే, ఎవరూ పెద్దగా అడగకుండానే చేసిపెట్టారు.

ఇక పిల్లల వైపు నుంచి చూద్దాం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది దాటేసే చోటు ఇదే. చాలామంది పిల్లలకు అది నచ్చింది. భయపడి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, విసుగుతో వెళ్ళినవాళ్ళు ఉన్నారు, కానీ పరుగెత్తుకుంటూ వెళ్ళినవాళ్ళు ఎక్కువ.

10 నుంచి 14 ఏళ్ళ మగపిల్లలు యుంగ్‌ఫోల్క్ అనే బాలదళంలో ఉండేవారు, 14 నుంచి 18 వరకు హిట్లర్ యూత్‌లో. ఆడపిల్లలకు అవే వయసులకు వేరే రెండు శాఖలు. చేర్చుకునే రోజు ఏప్రిల్ 20కి ముందు సాయంత్రం, అంటే హిట్లర్ పుట్టినరోజుకు దేశం ఇచ్చే కానుక ఆ ఏడాది పదేళ్ళ పిల్లలన్నమాట. బుధవారం సాయంత్రం ఊళ్ళో ఏదో ఒక గదిలో సమావేశం: పాటలు, నాయకుడి జీవితకథ, యుద్ధవీరుల కథలు. ఆ రాత్రి రేడియోలో కూడా యువతకు ప్రత్యేక కార్యక్రమం. ఆదివారం కవాతు చాలాసార్లు సరిగ్గా చర్చి వేళకే పెట్టేవారు. 1934 నుంచి రెండేళ్ళకు పైగా శనివారం పగలు కూడా వాళ్ళదే అయింది. బాలదళంలో ఉన్న పిల్లలకు ఆ రోజు బడి లేదు, మైదానానికి వెళ్ళవచ్చు. చేరని పిల్లలు మాత్రం బడికి వచ్చి కూర్చోవాలి. ఖాళీ బెంచీల మధ్య ఆ ఒకరిద్దరినీ ఊహించుకోండి. బయట ఈల, డప్పు, అరుపులు. బడి ఎగ్గొట్టే హక్కు ప్రభుత్వమే ఇస్తానంటే వద్దనే పదేళ్ళ పిల్లవాడు ఎవరు?

బాలదళంలో పూర్తి సభ్యుడు కావాలంటే పరీక్ష ఉంది. 60 మీటర్లు 12 సెకన్లలో పరుగెత్తాలి, 2.75 మీటర్లు దూకాలి, బంతిని 25 మీటర్లు విసరాలి, ఒకటిన్నర రోజు నడక యాత్రకు వెళ్ళిరావాలి, ప్రమాణం అప్పజెప్పాలి. నెగ్గితే నడుముకు బాకు. పదేళ్ళ పిల్లవాడికి నిజమైన బాకు. ఆ బాకు నడుముకు కట్టుకుని వీధిలో నడిచిన మొదటి సాయంత్రాన్ని ముసలితనంలో కూడా మరిచిపోలేకపోయామని చెప్పినవాళ్ళు ఉన్నారు. చెబుతూ సిగ్గుపడ్డారు కూడా.

అయితే అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇంకొకటి. 'యువతను యువతే నడపాలి' అన్నది వాళ్ళ నినాదం. పది మంది పిల్లల జట్టుకు నాయకుడు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడే. అలాంటి జట్లు కొన్ని కలిస్తే ఒక దళం, దాని నాయకుడికి ఇంకో ఏడాది వయసు ఎక్కువ. భుజం నుంచి వేలాడే తాడు రంగును బట్టి హోదా తెలుస్తుంది. అంతవరకు ఆ పిల్లవాడి జీవితంలో ఆజ్ఞాపించేవాళ్ళు ముగ్గురే: తండ్రి, పంతులు, ఫాదిరి. ఇప్పుడు తానే ఆజ్ఞాపించవచ్చు. పెద్దలను ధిక్కరించాలనే కోరిక ఆ వయసులో ఉండేదే. నాజీలు దాన్ని అణచలేదు, దానికి యూనిఫాం కుట్టించారు. ఇంట్లో తండ్రి నసిగితే, బడిలో పంతులు కసిరితే, ఆ పిల్లవాడి వెనక ఇప్పుడు రాజ్యం ఉంది. యూనిఫాంలో తరగతికి వచ్చిన విద్యార్థి ముందు నోరు అదుపులో పెట్టుకున్న ఉపాధ్యాయులు ఎందరో. మీలో ఎవరికైనా ఉద్యోగం తేలికగా కనిపిస్తుంటే ఆ తరగతి గదిని తలచుకోండి.

ఆడపిల్లల విషయం నాకు మరింత చిక్కుగా అనిపిస్తుంది. సిద్ధాంతం ప్రకారం వాళ్ళు తల్లులు కావడానికే పుట్టారు. కానీ ఇల్లు దాటి యాత్రలకు వెళ్ళడం, పరుగు పందేలు, ఇరవై మందికి నాయకత్వం వహించడం, ఇవన్నీ ఆ తరం అమ్మాయిలకు వాళ్ళ తల్లులు ఎరగని స్వేచ్ఛలు. స్వేచ్ఛ రుచి చూపించి బానిసత్వంలోకి నడిపించారు. యుద్ధం వచ్చాక ఈ అమ్మాయిల్లో కొందరిని ఆక్రమిత పోలండ్‌కు సేవకని పంపారు. అక్కడ జర్మన్ కుటుంబాలను స్థిరపరచడంలో సాయపడటం వాళ్ళ పని. అంటే పోలిష్ కుటుంబాన్ని గెంటివేసిన ఇంటిని ఊడ్చి, కడిగి, కొత్తవాళ్ళ కోసం బల్ల మీద పూలు పెట్టడం. పొయ్యిలో వేడి ఆరకముందే.

సైనిక శిక్షణ ఎక్కడ మొదలైంది? దీనికి తేదీ చెప్పడం కష్టం, ఎందుకంటే మొదట అది ఆట. రెండు జట్లు అడవిలో తలపడతాయి. ప్రతి పిల్లవాడి మణికట్టుకు ఊలు దారం, ఒక జట్టుకు ఎరుపు, ఇంకో జట్టుకు నీలం. దాని పేరు ప్రాణదారం. అవతలి జట్టు వాడు మీద పడి దాన్ని తెంపితే నువ్వు చచ్చినట్టు, పక్కకు వెళ్ళి కూర్చోవాలి. సాయంత్రానికి చచ్చినవాళ్ళంతా లేచి అందరితో కలిసి సూప్ తాగుతారు. పటం చదవడం, దిక్సూచి చూడడం, చప్పుడు లేకుండా పాకడం ఈ ఆటలోనే వచ్చేశాయి. గాలి తుపాకి, ఆ తర్వాత చిన్న తూటాల రైఫిల్. మోటారు సైకిళ్ళు ఇష్టమైన కుర్రాళ్ళకు మోటారు శాఖ, గ్లైడర్లు ఎగరేసేవాళ్ళకు వైమానిక శాఖ, నదీతీర పట్టణాల్లో నౌకా శాఖ. ఏ పిల్లవాడి సరదాను బట్టి ఆ పిల్లవాడికి ఒక ద్వారం. 1937లో సైన్యం తరపున ఎర్విన్ రొమ్మెల్‌ను, అవును, తర్వాత ఎడారి యుద్ధంలో పేరు మోసిన ఆ రొమ్మెల్‌నే, హిట్లర్ యూత్‌తో సమన్వయానికి వేశారు. ఆయనకూ షిరాఖ్‌కూ పొసగలేదు.

బడి సంగతి త్వరగా చెబుతాను. ఉపాధ్యాయుల్లో దాదాపు అందరూ 1937కల్లా నాజీ ఉపాధ్యాయ సంఘంలో సభ్యులు. పాఠ్యపుస్తకాలు మారాయి, కానీ మార్పు జీవశాస్త్రంలోనో చరిత్రలోనో మాత్రమే అనుకోవద్దు. ఒక లెక్కల పుస్తకంలోని లెక్క ఇది: పిచ్చాసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు అయింది. ఒక్కొక్కటి 15,000 మార్కుల చొప్పున ఆ సొమ్ముతో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు? భాగహారం తప్పు లేకుండా చేస్తే 400. పిల్లవాడికి ఎవరినీ ద్వేషించమని చెప్పలేదు. పాలలో తోడు వేసినట్టు, వేసిన చుక్క కనిపించదు, తెల్లారేసరికి అంతా తోడుకుంటుంది. 1939లో అదే ప్రభుత్వం మానసిక రోగులను, వికలాంగులను చంపడం మొదలుపెట్టింది. 1941 ఆగస్టు లోపల గ్యాస్ గదుల్లోనే 70,000 మందికి పైగా చంపారు. ఆ లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో కొందరు అప్పటికి ఉద్యోగాల్లో ఉన్నారు.

యూదు పిల్లలకు ఈ ఆటలో చోటు లేదు. బాకు లేదు, నెగడు లేదు. నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడు యూనిఫాం వేసుకున్న రోజు నుంచి పలకరించడు. 1938 నవంబరులో వాళ్ళను ప్రభుత్వ బడుల నుంచి పూర్తిగా వెళ్ళగొట్టారు. లోపల ఉన్న పిల్లల ఉల్లాసానికి బయట నిలబెట్టిన ఈ పిల్లలు కూడా ఒక కారణం. మనం ఎంపికైనవాళ్ళం అనిపించాలంటే ఎంపిక కానివాడు కనబడుతూ ఉండాలి కదా.

ఇల్లు. 1933 నవంబరులోనే హిట్లర్ అన్నాడు: నేను మీ వైపు రానని ప్రత్యర్థి అంటే, నీ బిడ్డ ఇప్పటికే మావాడు, నువ్వు పోతావు, నీ సంతానం కొత్త శిబిరంలో ఉంది అని నెమ్మదిగా చెబుతాను, అని. బాంబు దాడులు మొదలయ్యాక, 1940 శరత్కాలం నుంచి, నగరాల పిల్లలను పల్లెల్లోని శిబిరాలకు తరలించారు. లక్షల మంది వెళ్ళారు. ప్రాణరక్షణ నిజమే, ఆ శిబిరాల్లో రోజంతా హిట్లర్ యూత్ చేతిలో ఉండటమూ నిజమే. తల్లిదండ్రులు చూడటానికి రావడాన్ని ప్రోత్సహించలేదు. టైంటేబుల్‌లో మిగిలిన రాత్రులు కూడా అలా నిండాయి.

తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య దూరడం ఒక్క నాజీల విద్య కాదు. సోవియట్ రష్యాలో పావ్లిక్ మొరోజోవ్ అనే బాలుడి కథ ఉంది. ఉరల్ ప్రాంతంలో గెరసిమొవ్కా అనే పల్లె. తండ్రి మీద అధికారులకు ఫిర్యాదు చేశాడని, అందుకు బంధువులే 1932లో చంపారని ప్రచారం చేసి, విగ్రహాలు పెట్టి, దేశంలోని పిల్లలందరికీ ఆదర్శంగా నిలబెట్టారు. ఆ కథలో కల్పన ఎంతో తర్వాతి పరిశోధకులు తవ్వి తీశారు. ఇక్కడ ఒక మాట. మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు చదువుతూ పెరిగిన తరం మాది. ఆ పుస్తకాలు ఇప్పటికీ నాకు ఇష్టమే. ఎర్ర రుమాలు కట్టుకున్న ఆ బుద్ధిమంతులైన పిల్లల వెనక పావ్లిక్ విగ్రహం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇటలీలో ముస్సోలిని 1926లోనే బాలిల్లా అనే బాలసంస్థ పెట్టాడు. 'పుస్తకం, తుపాకి ఉంటే పరిపూర్ణ ఫాసిస్టు' అన్నది నినాదం. పిల్లల చేతిలో బొమ్మ రైఫిళ్ళు. ఎన్నో దేశాల పెద్దలు వచ్చి చూసి మెచ్చుకున్నారు. మన దేశం నుంచి హిందూ మహాసభ నాయకుడు బి.ఎస్. మూంజే 1931 మార్చిలో రోముకు వెళ్ళి, ఆ సంస్థను చూసి, ముస్సోలినిని కలిసి, మెచ్చుకుంటూ డైరీలో రాసుకున్నారు. క్రమశిక్షణగా నడిచే పిల్లల వరుస దూరం నుంచి ఎవరికైనా అందంగానే కనబడుతుంది.

మళ్ళీ జర్మనీకి వద్దాం. 1942లో 16 దాటిన కుర్రాళ్ళకు మూడు వారాల సైనిక శిక్షణ శిబిరాలు పెట్టారు. 1943 ఫిబ్రవరి నుంచి 1926, 1927లో పుట్టిన హైస్కూలు విద్యార్థులను విమాన విధ్వంసక తుపాకుల దగ్గరికి పంపారు. అలా వెళ్ళినవాళ్ళు మొత్తం సుమారు 2 లక్షలని అంచనా. రాత్రి బాంబర్ల మీద కాల్పులు, పగలు పాఠాలు. ఉపాధ్యాయులు తుపాకుల దగ్గరికే వచ్చి లాటిన్, గణితం చెప్పేవారు. ఈ వివరం చదివినప్పుడల్లా ఆ మాస్టారి మీద నాకు జాలి, కోపం రెండూ వస్తాయి. రాత్రంతా మేల్కొన్న పిల్లవాడు నిద్రతో తూలుతుంటే ఆయన హాజరు వేసుకున్నాడు. తర్వాత పోప్ అయిన జోసెఫ్ రాట్సింగర్ ఆ కుర్రాళ్ళలో ఒకడు. నోబెల్ పొందిన రచయిత గ్యుంటర్ గ్రాస్ ఇంకొకడు. 1980లలో కొన్ని నెలలు కలకత్తాలో ఉన్న గ్రాస్‌ను మనవాళ్ళు కొందరికి గుర్తే. తుపాకుల దగ్గర పని ముగిశాక, 17 ఏళ్ళ వయసులో తాను ఎస్.ఎస్. సాయుధ విభాగంలో పనిచేశానని ఆయన బయటపెట్టింది 2006లో.

1943లోనే హిట్లర్ యూత్ పేరుతో ఒక ట్యాంకు డివిజన్ ఏర్పాటు చేశారు: 12వ ఎస్.ఎస్. పాంజర్ డివిజన్. సుమారు 20,000 మంది. సైనికుల్లో అత్యధికులు 1926లో పుట్టినవాళ్ళు, అంటే 1936లో పదేళ్ళకు బాకు కట్టుకున్న ఆ జట్టే. 18 నిండనివాళ్ళకు సిగరెట్లకు బదులు మిఠాయిలు ఇచ్చేవారు. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఈ డివిజన్ వాళ్ళు చేతికి చిక్కిన కెనడా సైనికులను కాల్చి చంపారు. కేన్ నగరం పక్కన ఆర్దెన్ మఠం తోటలోనూ చంపారు. మొత్తం 150 దాకా ఉంటారు. మణికట్టు దారం తెంపే ఆట ఆడినవాళ్ళే వీళ్ళు. ఈసారి సాయంత్రం ఎవరూ లేవలేదు. మరో ముఖం కూడా ఉంది: ఆ వేసవి ముగిసేసరికి డివిజన్‌లో చాలా భాగం మట్టిలో కలిసిపోయింది.

1944 అక్టోబరులో 16 నుంచి 60 వరకు మగవాళ్ళందరినీ ప్రజాసేన పేరుతో పిలిచారు. షిరాఖ్ స్థానంలో 1940లో వచ్చిన ఆర్టుర్ ఆక్స్‌మాన్ బెర్లిన్ చివరి యుద్ధానికి పిల్లలను అందించాడు. 1945 మార్చిలో తీసిన వార్తాచిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రభుత్వ కార్యాలయమైన ఛాన్సలరీ తోటలో హిట్లర్ వరుసగా నిలబడ్డ కుర్రాళ్ళ చెంపలు తడుతుంటాడు. అందులో ఒకడికి 12 ఏళ్ళు. ఆక్స్‌మాన్ పక్కనే నిలబడి ఉంటాడు. ఏప్రిల్ చివర ఆ నగరంలో హావెల్ నది వంతెనలను కాపాడమని నిలబెట్టిన వాళ్ళలో ఎక్కువ మంది పిల్లలే.

మరి అందరూ అలాగే తయారయ్యారా? లేదు, ఇది చెప్పకపోతే నా లెక్క తప్పవుతుంది. నిర్బంధం రాగానే ఆకర్షణ సగం పోయింది. ఒకే పాటలు, ఒకే కవాతు, తిట్లు. తప్పించుకు తిరిగే పిల్లలను పట్టుకోవడానికి పిల్లలతోనే నడిచే గస్తీ దళాన్ని వాడవలసి వచ్చింది. కొలోన్ వైపు కార్మికుల పిల్లలు ఎడెల్‌వైస్ పైరేట్స్ పేరుతో వారాంతాల్లో తమ యాత్రలకు తామే వెళ్ళారు, గస్తీ వాళ్ళతో కలబడ్డారు. 1944 నవంబరు 10న కొలోన్‌లోని ఎరెన్‌ఫెల్డ్‌లో 13 మందిని బహిరంగంగా ఉరితీశారు. వాళ్ళలో ఆ బృందాలతో తిరిగిన కుర్రాళ్ళు ఉన్నారు. హాంబర్గ్‌లో హెల్ముట్ హ్యూబెనర్ అనే కుర్రాడు రహస్యంగా బి.బి.సి. విని కరపత్రాలు టైపు చేసి పంచాడు. 1942 అక్టోబరు 27న శిరచ్ఛేదం చేశారు. 17 ఏళ్ళు. నాజీ వ్యతిరేక కరపత్రాలు పంచినందుకు మ్యూనిక్‌లో 1943 ఫిబ్రవరి 22న చంపిన అన్నాచెల్లెళ్ళు హన్స్, సోఫీ షోల్ ఒకప్పుడు హిట్లర్ యూత్‌లో ఉత్సాహంగా నాయకత్వం వహించినవాళ్ళే. వీళ్ళందరిలో నాకు కనిపించే సామాన్యాంశం ఒకటి ఉంది: సంస్థకు చెందని సమయం వాళ్ళకు ఎక్కడో కాస్త మిగిలింది. హ్యూబెనర్‌కు చర్చి, రేడియో. షోల్ పిల్లలకు ఇంట్లో వాదించే తండ్రి, పుస్తకాలు. పైరేట్లకు ఆదివారం అడవి.

నా మాటలు ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, మన ఎన్.సి.సి. కూడా పిల్లలకు కవాతు, రైఫిల్ నేర్పుతుంది కదా?

నేర్పుతుంది. ఎన్.సి.సి. 1948 చట్టంతో వచ్చింది. కవాతు చేసినంత మాత్రాన ఎవరూ ఫాసిస్టు కారు. నేను కూడా ఎండలో నిలబడి కాళ్ళు నేలకు కొట్టినవాడినే. మీరు అడగవలసినవి వేరు. అది వద్దంటే వేరే ఏదైనా ఉందా? మానేస్తే తండ్రి ఉద్యోగానికి ముప్పు ఉందా? ఇంటికి వచ్చి కవాతు మాస్టారిని అనుకరించి నవ్వుకోవచ్చా? మూడోది చిన్న విషయంలా కనబడుతుంది, నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: మన రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఖాళీ ఉండదు. మీరు చెప్పిన టైంటేబుల్...

(నవ్వులు) ఈ ప్రశ్న వస్తుందని అనుకున్నాను. పోలిక పెట్టవద్దు. అక్కడ శత్రువు లేడు, తుపాకి లేదు, చంపమని ఎవరూ చెప్పడం లేదు. ప్రతిదాన్నీ హిట్లర్‌తో పోలిస్తే హిట్లర్ చిన్నవాడవుతాడు. పిల్లలకు ఖాళీ సాయంత్రం ఉండాలా అంటే, ఉండాలి. ఆ ప్రసంగానికి ఇంకోసారి పిలవండి.

ప్రశ్న: కంబోడియా గురించి ఒక్క మాటే చెప్పారు.

నిజానికి ఏమీ చెప్పలేదు. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సంస్థ ఆ దేశాన్ని 1975 నుంచి 1979 వరకు పాలించింది. పిల్లలను ఇళ్ళ నుంచి వేరు చేసి, ఇక మీకు తల్లీ తండ్రీ 'అంగ్కార్' అంటే సంస్థే అన్నారు. నామ్‌పెన్‌లో ఒక హైస్కూలును ఎస్-21 అనే చిత్రహింసల జైలుగా మార్చారు. కాపలాదారుల్లో చాలామంది పల్లెల నుంచి తెచ్చిన పదిహేను, పదిహేడేళ్ళ కుర్రాళ్ళు. అనుమానం వస్తే వాళ్ళనూ అదే జైల్లో వేసి చంపారు. ఆ జైలు అధికారి డూక్ అంతకుముందు గణితం మాస్టారు. ఖైదీల కాగితాలు చాలా శ్రద్ధగా దిద్దేవాడు. జర్మనీలో ఏళ్ళ తరబడి మెల్లగా చేసింది అక్కడ తొందర తొందరగా చేశారు, అందుకే ఆటపాటలు కూడా లేవు. నెగడు వేసే తీరిక లేకపోయింది.

ప్రశ్న: పిల్లలను అలా తయారుచేసినందుకు ఎవరికైనా శిక్ష పడిందా?

ముందు పిల్లల సంగతి. అమెరికా అధీనంలో ఉన్న ప్రాంతంలో 1919 తర్వాత పుట్టినవాళ్ళకు 1946లో సామూహిక క్షమాభిక్ష ఇచ్చారు. పెద్దలకు వస్తే, షిరాఖ్ న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల కోర్టు బోనులో 1946 మేలో తానే ఒప్పుకున్నాడు: లక్షల మందిని హత్య చేసిన మనిషి కోసం జర్మన్ యువతను పెంచాను, అది నా నేరం అని. న్యాయమూర్తులు హిట్లర్ యూత్ యుద్ధ స్వభావాన్ని చర్చించారు, కానీ దురాక్రమణ యుద్ధ కుట్ర అభియోగం నుంచి అతన్ని విడిచిపెట్టారు. పడిన 20 ఏళ్ళ శిక్ష, తర్వాత వియన్నాలో పార్టీ పాలకుడిగా ఉన్నప్పుడు అక్కడి యూదులను తూర్పుకు తరలించినందుకు. 1966లో విడుదలయ్యాడు. ఇప్పటి అంతర్జాతీయ చట్టంలో 15 లోపు పిల్లలను సైన్యంలో చేర్చుకోవడం యుద్ధ నేరం. కాంగో సాయుధ నాయకుడు థామస్ లుబాంగాకు 2012లో 14 ఏళ్ళు పడింది. కానీ అది పిల్లవాడి చేతికి తుపాకి వచ్చాక పట్టుకునే చట్టం. అంతకు ముందరి బుధవారం సాయంత్రాల జోలికి పోదు.

ఆక్స్‌మాన్ గురించి చెప్పలేదు కదూ. బెర్లిన్ నుంచి తప్పించుకుని మారుపేరుతో కొన్నాళ్ళు తిరిగాడు, పట్టుబడ్డాడు, 1949లో మూడేళ్ళ పైచిలుకు శిక్ష పడింది. తర్వాత వ్యాపారం చేసుకున్నాడు. 1958లో పశ్చిమ బెర్లిన్ కోర్టు ఒకటి, చివరి దాకా జర్మన్ యువతకు నాజీ సిద్ధాంతం నూరిపోసినందుకు దోషి అని తీర్పు చెప్పి, 35,000 మార్కుల జరిమానా వేసింది. బెర్లిన్‌లో అతనికున్న ఆస్తిలో అది సుమారు సగం. 1996 దాకా బతికాడు.